గేమింగ్‌కి టీవీ కొంటున్నారా? 4కె, 8కె సంగతి తేల్చుకుని షోరూమ్‌కి వెళ్లండి

పండగ ఆఫర్లు మొదలవగానే నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: "అన్నా, పీఎస్5 (సోనీ గేమింగ్ మెషీన్ ప్లేస్టేషన్ 5) తీసుకున్నా, 4కె టీవీ సరిపోతుందా, ఎలాగూ ఏడెనిమిదేళ్లు వాడతాం కదా, 8కె తీసుకోమంటావా?" ఇంకొందరు దీన్నే తిరగేసి అడుగుతారు, ఇంట్లో ఉన్న ఫుల్ హెచ్‌డీ టీవీకి పీఎస్5 తగిలిస్తే పెట్టిన డబ్బంతా దండగేనా అని. రెండింటికీ సూటిగా చెప్తా. 8కె కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. 4కె కావాలి, కాకపోతే ఇవాళ 50 అంగుళాలు, ఆపైన ఏ టీవీ చూసినా దాదాపు అన్నీ 4కెనే, కాబట్టి దాని కోసం ప్రత్యేకంగా వెతకాల్సిన పని లేదు. మీ డబ్బు వెళ్లాల్సింది రిఫ్రెష్ రేట్ మీద, హెచ్‌డీఎంఐ పోర్టుల మీద, ఇన్‌పుట్ లాగ్ మీద, స్క్రీన్ వెలుతురు మీద. షోరూమ్‌లో టీవీ పక్కన పెట్టే కార్డు మీద 4కె అని పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇవేవీ సరిగా ఉండవు. అందుకే అందరూ ఆ ఒక్క అంకె చుట్టూనే తిరిగి, ఇంటికెళ్లాక గేమ్ ఎందుకో తడబడుతున్నట్టు ఉందని ఫోన్ చేస్తారు. కొనకముందే ఇవన్నీ ఎలా తేల్చుకోవాలో రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు టేపు తీసి కొలవండి

టీవీ సైజు, రిజల్యూషన్ రెండూ మీ సోఫా ఎక్కడుందో దాన్ని బట్టే తేలాలి. హైదరాబాద్‌లో మియాపూర్, నిజాంపేట, కొండాపూర్ వైపు మామూలు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో హాలు వెడల్పు చాలావరకు 10 నుంచి 12 అడుగులు ఉంటుంది. చాలామంది ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచి 11 అడుగులు అనుకుంటారు. అది లెక్క కాదు. గేమ్ ఆడేటప్పుడు మీరు కూర్చునే చోట కూర్చోండి, ఇంకొకరిని టేపు పట్టుకోమనండి, మీ కళ్ల దగ్గర నుంచి టీవీ అద్దం వచ్చే చోటు వరకు కొలవండి. సోఫా వెనక ఖాళీ, సోఫా లోతు, టీవీ యూనిట్ ముందుకు వచ్చిన మేర అన్నీ పోతే ఆ 11 అడుగులు ఏడున్నర, ఎనిమిది దగ్గరకి వచ్చి ఆగుతుంది. కంట్రోలర్ చేతిలో ఉంటే మనం ఎలాగూ ముందుకు వంగి కూర్చుంటాం, ఇంకో అర అడుగు తీసేయండి.

ఇప్పుడు పిక్సెల్స్ లెక్క, అంటే తెర మీద బొమ్మని కట్టే చుక్కలు ఎన్నో. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, మొత్తం దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్. 4కె అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షలు, అంటే సరిగ్గా నాలుగింతలు. 8కె అంటే 7680 × 4320, 3.3 కోట్లు, మళ్లీ దానికి నాలుగింతలు. అంకెలు ఇలా పెరుగుతూ పోతాయి గానీ మన కన్ను పెరగదు. కంటి డాక్టర్ 6/6 అని రాసిచ్చిన చూపు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే సన్నని వివరాన్ని విడదీసి చూడలేదు. దీన్ని టీవీ సైజుకి కడితే ఒక తేలిక లెక్క వస్తుంది: టీవీ అంగుళాలని 0.13తో గుణించండి, వచ్చినవి అడుగులు. అంతకంటే దూరం కూర్చుంటే ఫుల్ హెచ్‌డీలో పిక్సెల్ మీ కంటికి విడిగా కనబడదు, అంటే 4కె వల్ల అదనంగా కనిపించేది బాగా తక్కువ. ఆ అంకెలో సగం చేస్తే 4కె హద్దు, అంతకంటే దగ్గరికి వెళ్తేనే 8కెకి పని.

55 అంగుళాల టీవీకి ఇది దాదాపు 7 అడుగులు, 4కె హద్దు మూడున్నర. 65కి ఎనిమిదిన్నర అడుగులు, 4కె హద్దు నాలుగుంపావు. 43కి ఐదున్నర, 4కెకి మూడడుగుల లోపే. అంటే 65 అంగుళాల 8కె టీవీ కొని దాని పూర్తి ప్రయోజనం పొందాలంటే మీరు తెర ముందు నాలుగడుగుల లోపు పీట వేసుకుని కూర్చోవాలి. ఇంట్లో ఎవరూ అలా కూర్చోరు. 8కె విషయం నా వరకు ఇక్కడితో అయిపోయింది, కింద ఇంకో కారణం కూడా చెప్తా.

ఈ లెక్కని గేముల విషయంలో కాస్త సడలించి చూడాలి, ఎందుకో చెప్తా. సినిమాలో బొమ్మ కెమెరా తీసింది, అంచులు సహజంగా మెత్తగా ఉంటాయి. గేమ్‌లో ప్రతి పిక్సెల్‌ని మెషీన్ లెక్కగట్టి గీస్తుంది, కాబట్టి సన్నటి గీతల దగ్గర తంటా వస్తుంది. జీటీఏలో కారు ఆపి దూరంగా ఉన్న కరెంటు తీగల్ని చూడండి, లేదా ఫుట్‌బాల్ గేమ్‌లో గోల్ పోస్టు వెనక వలని చూడండి. ఫుల్ హెచ్‌డీలో కెమెరా మెల్లగా తిప్పుతుంటే ఆ తీగ అక్కడక్కడా తెగిపోయి మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది, వల మీద మెరుపులు పాకుతున్నట్టు ఉంటుంది. పిక్సెల్ విడిగా కనబడనంత దూరంలో కూర్చున్నా ఈ కదలికని కన్ను పట్టేస్తుంది. 4కెలో ఇది బాగా తగ్గుతుంది. అందుకే 55 అంగుళాల టీవీకి 8 అడుగుల దూరంలో కూర్చునే మనిషికి కూడా నేను 4కెనే తీసుకోమంటాను, లెక్క ప్రకారం అవసరం లేకపోయినా.

మీ కన్ను ఏమంటుందో మీరే తేల్చుకోవాలంటే ఒక మంచి దారి ఉంది. 4కె టీవీ, పీఎస్5 రెండూ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లండి. సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియో, అందులో వీడియో అవుట్‌పుట్, అందులో రిజల్యూషన్ ఉంటుంది. దాన్ని 1080పి (అంటే ఫుల్ హెచ్‌డీ) చేసి మీ ఇంటి దూరానికి కుర్చీ జరుపుకుని ఒక పది నిమిషాలు ఆడండి, తర్వాత 2160పి (అంటే 4కె) చేసి అదే చోట, అదే లెవెల్ ఆడండి. చాలా గేముల్లో పీఎస్5 లోపల ఎక్కువ రిజల్యూషన్‌లోనే గీసి, పంపేటప్పుడు 1080పికి కుదిస్తుంది, కాబట్టి మీరు చూసే తేడా గేమ్ నాణ్యతది కాదు, అచ్చంగా తెరకి చేరే పిక్సెల్స్‌ది. కొంతమందికి వెంటనే తెలుస్తుంది, కొంతమందికి పక్కవాళ్లు చెప్తే గానీ తెలియదు. ఇంట్లో మంచి ఫుల్ హెచ్‌డీ టీవీ ఉండి, ఈ పరీక్షలో మీకు తేడా తెలియకపోతే ఈ ఏడాదికి టీవీ మార్చకండి, ఆ డబ్బుతో గేములు కొనుక్కోండి. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

మీ మెషీన్ అసలు ఎంత పంపుతోంది

టీవీ 4కె అయినంత మాత్రాన లోపలికి వచ్చే బొమ్మ 4కె కాదు. పాత పీఎస్4 పంపేది 1080పినే, ఎంత పెద్ద టీవీ పెట్టినా అంతే. మొదటి నింటెండో స్విచ్ డాక్‌లో పెట్టినా 1080పి దాటదు. పీఎస్4 ప్రో 4కె పంపుతుంది గానీ చాలా గేముల్లో కొన్ని పిక్సెల్స్ గీసి మిగతావి పూరించుకుంటుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తయారుచేసిందే 1440పిని (ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ మధ్యది) దృష్టిలో పెట్టుకుని. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మాత్రం 4కెలో సెకనుకి 120 ఫ్రేములు, అంటే 120 బొమ్మలు పంపగలవు, 'గలవు' అన్నానే గానీ ప్రతి గేమ్ అలా పంపుతుందని కాదు.

పీఎస్5లో వచ్చిన జీటీఏ 5నే తీసుకోండి. ఫిడిలిటీ అని ఒక మోడ్, అందులో నిజమైన 4కె, కానీ సెకనుకి 30 ఫ్రేములే. పెర్ఫార్మెన్స్ అని ఇంకో మోడ్, అందులో బొమ్మని తక్కువలో గీసి 4కెకి పెంచి 60 ఫ్రేములు ఇస్తుంది. చాలా పెద్ద గేముల్లో ఇదే కథ, పేర్లు మారతాయంతే. ఒక వారం రెండూ ఆడినవాళ్లు చాలావరకు పెర్ఫార్మెన్స్ దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే 30 ఫ్రేముల్లో కారు మలుపు తిప్పితే రోడ్డు పక్క బోర్డులన్నీ అలుక్కుపోతాయి, 60లో చదవగలుగుతారు. అంటే జనం చేతులారా 4కెని వదిలేసి ఫ్రేములు ఎంచుకుంటున్నారు. టీవీ కొనేటప్పుడు కూడా ఇదే వరస పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పీసీని టీవీకి తగిలించేవాళ్లకి లెక్క ఇంకా కఠినం. పిక్సెల్స్ నాలుగింతలైతే గ్రాఫిక్స్ కార్డు మీద బరువు కూడా దాదాపు అదే దామాషాలో పెరుగుతుంది. ఆర్‌టీఎక్స్ 3060, 4060 లాంటి కార్డుతో కొత్త గేముల్ని నేరుగా 4కెలో ఆడదామంటే కుదరదు, బొమ్మని తక్కువలో గీసి 4కెకి పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ గానీ ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ పెట్టుకోవాల్సిందే. అందులో తప్పేమీ లేదు, ఎనిమిదడుగుల దూరం నుంచి అది చాలా బాగుంటుంది కూడా. 1080పి పంపినా 4కె తెర మీద ఒక్కో పిక్సెల్ సరిగ్గా నాలుగు పిక్సెల్స్‌లో కూర్చుంటుంది కాబట్టి మరీ చెడిపోదు. కాకపోతే అదే టీవీ మీద బ్రౌజర్, ఎక్సెల్ లాంటివి కూడా చూసేవాళ్లకి 4కె తప్పనిసరి, అక్షరాల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్ వైపు ఒక్క గదిలో ఉంటూ 43 అంగుళాల టీవీనే మానిటర్‌గా టేబుల్ మీద పెట్టుకునే కుర్రాళ్లకి రిజల్యూషన్ అందరికంటే ఎక్కువ ముఖ్యం, వాళ్లు కూర్చునేది మూడడుగుల దూరంలో. 43 అంగుళాల్లో ఇంకా ఫుల్ హెచ్‌డీవి అమ్ముతున్నారు, కాబట్టి ఈ ఒక్క సైజులో మాత్రం టీవీ పక్కన పెట్టే కార్డు మీద 4కె ఉందో లేదో చూసుకోవాలి.

8కె గురించి ఇంకో కారణం అన్నా కదా. మొదట్లో పీఎస్5 డబ్బా మీదే 8కె అని ముద్ర ఉండేది, 2024లో ఆ ముద్ర తీసేశారు. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టినా కొత్త గేములు నేరుగా 8కెలో సాఫీగా నడవడం కష్టం. సరిగా పంపే మెషీనే లేనప్పుడు చూపే తెరకి లక్షలు పోయడం ఎందుకు? "రాబోయే రోజులకి పనికొస్తుంది సార్" అంటే వినకండి, ఆ రోజులు వచ్చేసరికి అదే డబ్బుకి ఇంతకంటే మంచి ప్యానెల్ (తెర) దొరుకుతుంది.

డబ్బు నిజంగా పెట్టాల్సిన చోటు

మొదటిది రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ టీవీ సెకనుకి 60 బొమ్మలు చూపిస్తుంది, అంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది. 120 హెర్ట్జ్‌లో అది 8.3. షూటింగ్ గేముల్లో, రేసింగ్‌లో ఈ తేడా కంటికీ తెలుస్తుంది, చేతికీ తెలుస్తుంది. కానీ ఇక్కడే మాటల గారడీ ఎక్కువ. మోషన్ రేట్ 120 అనో, 240 అనో, ఎంఈఎంసీ అనో రాసి ఉంటే అది ప్యానెల్ వేగం కాదు, రెండు ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా ఊహించి ఇరికించే బొమ్మల గురించి. అది క్రికెట్‌కి బాగుంటుందేమో గానీ గేమ్ ఆడేటప్పుడు ఆలస్యం పెంచుతుంది. మరికొన్ని టీవీలు 60 హెర్ట్జ్ ప్యానెల్‌తోనే అడ్డ వరుసల్ని రెండేసి జతచేసి, అంటే నిలువునా రిజల్యూషన్ సగం చేసి, 120 చూపిస్తాయి. తక్కువ బడ్జెట్‌లో అది ఉపయోగమే, కాకపోతే అది 4కె 120 కాదని తెలిసి కొనాలి. మీరు అడగాల్సిన మాట ఒక్కటే: "ప్యానెల్ నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత?"

రెండోది హెచ్‌డీఎంఐ, అంటే మెషీన్ నుంచి వచ్చే వైరు టీవీకి తగిలించే పోర్టు. పాత 2.0 పోర్టు సెకనుకి 18 గిగాబిట్లు మోస్తుంది, 4కెలో 60 ఫ్రేములు దాటనివ్వదు. 2.1 పోర్టు 48 వరకు వెళ్లగలదు, 4కె 120 అందులోనే వస్తుంది. పేరుకి 2.1 అని రాసి 120 ఇవ్వని టీవీలు కూడా ఉన్నాయి, ఎందుకంటే ఆ పేరు కింద ఉన్న సౌకర్యాలన్నీ ఇవ్వాలన్న నిబంధన లేదు. కాబట్టి పోర్టు నంబర్ అడిగి ఊరుకోకుండా "ఈ పోర్టులో 4కె 120 వస్తుందా, వీఆర్‌ఆర్ ఉందా" అని అడగండి. వీఆర్‌ఆర్ అంటే గేమ్ ఫ్రేములు 60 నుంచి 52కి, 48కి పడిపోతున్నా టీవీ తన వేగాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడం, దానివల్ల బొమ్మ మధ్యలో చీలినట్టు అవదు, కుదుపు తెలియదు. పీఎస్5కి ఇది 2022 ఏప్రిల్ అప్‌డేట్‌లో వచ్చింది, 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. ఒక గేమ్ సరిగ్గా 60 నిలబెట్టుకోలేక తడబడే చోట్ల ఇది చేసే మేలు, రిజల్యూషన్ ఎంత పెంచినా రాదు.

పోర్టుల్లో ఇంకో మెలిక ఉంది, సౌండ్‌బార్ ఉన్నవాళ్లు శ్రద్ధగా చదవండి. చాలా టీవీల్లో పూర్తి వేగం ఉన్నవి రెండే పోర్టులు, అందులో ఒకటి ఈఆర్క్, అంటే సౌండ్‌బార్ పెట్టాల్సింది కూడా దానికే. సౌండ్‌బార్ అక్కడ పెడితే మీకు మిగిలేది ఒక్కటి. పీఎస్5తో పాటు పీసీ కూడా తగిలిద్దామనుకుంటే నాలుగు పోర్టులూ పూర్తి వేగం ఉన్న మోడల్ చూసుకోవాలి, లేదంటే ప్రతిసారీ గోడకి బిగించిన టీవీ వెనక చెయ్యి పెట్టి వైరు మార్చుకోవాలి.

మూడోది ఇన్‌పుట్ లాగ్, దీని గురించి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే. మీరు బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద బొమ్మ మారిన క్షణానికీ మధ్య టీవీ తన వంతుగా కలిపే ఆలస్యం. మంచి టీవీ గేమ్ మోడ్‌లో 60 హెర్ట్జ్ దగ్గర 10, 15 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అదే టీవీని స్టాండర్డ్ లేదా సినిమా మోడ్‌లో పెడితే ఆ ఆలస్యం 50 దాటొచ్చు, కొన్నిట్లో 100 కూడా. 100 మిల్లీసెకన్లంటే 60 ఫ్రేముల గేమ్‌లో ఆరు ఫ్రేములు. క్రికెట్ గేమ్‌లో బ్యాట్ ఊపిన టైమింగ్ ప్రతిసారీ లేట్ అని వస్తుంటే, ఫుట్‌బాల్‌లో పాస్ నొక్కేలోపే బంతి లాక్కెళ్తుంటే, తప్పు మీ వేళ్లది కాకపోవచ్చు. ఏఎల్‌ఎల్‌ఎమ్ అనే సౌకర్యం ఉంటే కన్సోల్ ఆన్ చేయగానే టీవీ తనంతట తాను గేమ్ మోడ్‌కి మారుతుంది. ఇది ఉన్న మోడల్ తీసుకుంటే ఇంట్లో ఎవరు ఏ మోడ్‌లో వదిలినా మీకు టెన్షన్ ఉండదు.

వెలుతురు, నలుపు, మన హాళ్లు

హెచ్‌డీఆర్ అని ప్రతి టీవీ మీదా రాస్తారు, అంటే వెలుగుకీ చీకటికీ మధ్య తేడాని ఇంకా ఎక్కువగా చూపించే పద్ధతి. సిగ్నల్ తీసుకోవడం ఒకటి, దాన్ని చూపించగలగడం ఇంకొకటి. తక్కువ ధర టీవీలు 250, 300 నిట్స్ (తెర వెలుతురు కొలత) దగ్గర ఆగిపోతాయి, అక్కడ హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ ఇంకా మసకబారుతుంది కూడా. 600 నిట్స్ దాటి, వెనక లైట్లని భాగాలుగా ఆర్పి వెలిగించే లోకల్ డిమ్మింగ్ ఉంటేనే హెచ్‌డీఆర్ అనే మాటకి అర్థం ఉంటుంది. గుహలోంచి బయటికి వచ్చినప్పుడు ఎండ కళ్లకి కొట్టడం, రాత్రి వానలో రోడ్డు మీద నియాన్ లైట్లు మెరవడం, గేముల్లో నోరు తెరిచి చూసే ఘట్టాలన్నీ దీని మీదే నడుస్తాయి. 4కె నుంచి 8కెకి వెళ్తే ఎవరూ ఆశ్చర్యపోరు, మామూలు 4కె నుంచి మంచి హెచ్‌డీఆర్ 4కెకి వెళ్తే గేమ్ ఆడనివాళ్లు కూడా ఆగి చూస్తారు.

పడమటి బాల్కనీ ఉన్న హాల్లో సాయంత్రం ఆడేవాళ్లకి మినీ ఎల్‌ఈడీ (వెనక చాలా చిన్న లైట్లు ఉండే తెర) లాంటి వెలుతురు ఎక్కువున్నది నయం. కర్టెన్లు వేసుకుని రాత్రుళ్లు ఆడేవాళ్లకి ఓఎల్‌ఈడీని (ప్రతి పిక్సెల్ తనే వెలిగి ఆరే తెర) మించింది లేదు, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, కదలికలో మసక దాదాపు ఉండదు. ఓఎల్‌ఈడీలో ఒక జాగ్రత్త ఉంది, మన ఇళ్లకి ఇది బాగా వర్తిస్తుంది. స్కోర్ బోర్డు, మ్యాప్ లాంటివి గంటల తరబడి ఒకేచోట ఉంటే ఆ మచ్చ తెర మీద ఉండిపోయే అవకాశం ఉంది. దాన్ని తగ్గించడానికి టీవీ కొన్ని గంటలు వాడాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు, పిక్సెల్స్‌ని తనే సరిచేసుకుంటుంది. మనకేమో పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేసే అలవాటు, అలా రోజూ ఆపేస్తే ఆ పని జరగనే జరగదు. ఓఎల్‌ఈడీ కొంటే ఇంట్లో అందరికీ చెప్పండి, రిమోట్‌తో ఆపి వదిలేయమని.

టీవీ గేములకే కాదు కదా, పగలంతా అది అమ్మదో అత్తమ్మదో. సెట్ టాప్ బాక్స్‌లో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానెల్ మహా అయితే 720 × 576, అంటే నాలుగు లక్షల పైచిలుకు పిక్సెల్స్. 4కె తెరకి కావాల్సింది 83 లక్షలు. ప్రతి ఇరవై పిక్సెల్స్‌లో పంతొమ్మిదిని టీవీ సొంతంగా కల్పించుకోవాలి. అందుకే 65 అంగుళాల కొత్త టీవీ తెచ్చిన రోజున సీరియల్ చూసి "పాత టీవీలోనే బాగుండేదిరా" అంటారు, అది నిజం కూడా. బాక్స్‌ని హెచ్‌డీకి మార్పించి, ఇంట్లో చూసే నాలుగైదు ఛానెళ్లు హెచ్‌డీ ప్యాక్‌లో తీసుకుంటే గొడవ చాలావరకు తీరిపోతుంది. టీవీ బడ్జెట్ వేసుకునేటప్పుడే దీన్ని కూడా కలుపుకోండి.

షోరూమ్‌లో

కూకట్‌పల్లి, అమీర్‌పేట, పంజాగుట్ట, ఎక్కడి షోరూమ్‌కి వెళ్లినా టీవీలన్నీ డెమో మోడ్‌లో ఉంటాయి, రంగులు, వెలుతురు చివరికంటా పెంచి, నిదానంగా కదిలే పూలు, చేపలు, పక్షుల వీడియో తిరుగుతుంటుంది. అది 4కె, 8కె గొప్పగా కనపడడానికే తీసిన వీడియో, పైగా మీరు దాన్ని రెండడుగుల దూరంలో నిలబడి చూస్తారు. మీ టేపు కొలత గుర్తుందిగా, అన్ని అడుగులు వెనక్కి వెళ్లి నిలబడండి. అక్కడి నుంచి 4కె, 8కె పక్కపక్కన పెట్టి చూడండి.

హెచ్‌డీఎంఐ ఉన్న లాప్‌టాప్, ఒక మంచి కేబుల్ తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. షోరూమ్‌లో రద్దీ లేని వారం మధ్యలో, పొద్దున పూట వెళ్తే ఎవరూ కాదనరు. లాప్‌టాప్ తగిలించి విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే టీవీ ఎన్ని హెర్ట్జ్ తీసుకుంటోందో అక్కడే కనిపిస్తుంది. మీ లాప్‌టాప్ పోర్టు కూడా 2.1 అయితేనే 4కె దగ్గర 120 చూపిస్తుంది, లేకపోతే 60 వచ్చింది కదా అని టీవీని తప్పుపట్టకండి. గేమ్ మోడ్ ఆన్ చేసి మౌస్ గుండ్రంగా తిప్పండి, తర్వాత స్టాండర్డ్ మోడ్‌లో తిప్పండి, ఇన్‌పుట్ లాగ్ అంటే ఏంటో చేతికే తెలిసిపోతుంది.

సేల్స్‌లో ఉన్న పిల్లల మీద కోప్పడి లాభం లేదు, వాళ్లకి చెప్పింది వాళ్లు చెప్తారు. "సార్, ఇది 240 మోషన్ రేట్ సార్, పక్కా గేమింగ్ టీవీ" అంటే "సరే తమ్ముడూ, మోడల్ నంబర్ ఒకసారి చూపించు" అనండి. మోడల్ నంబర్ చివరి అక్షరాలతో సహా ఫోటో తీసుకోండి, ఎందుకంటే ఒకే సిరీస్ పేరుతో 43 అంగుళాలది 60 హెర్ట్జ్, 55ది 120 హెర్ట్జ్ ఉండటం మామూలే. అక్కడే నిలబడి కంపెనీ సైట్‌లో ఆ నంబర్ కొట్టి నేటివ్ రిఫ్రెష్ రేట్, ఎన్ని పోర్టుల్లో 4కె 120, వీఆర్‌ఆర్, ఏఎల్‌ఎల్‌ఎమ్ అనే నాలుగూ చూసుకోండి. ఆన్‌లైన్లో పాత ధరలు చూసి బేరమాడేవాళ్లు ఒకటి గమనించాలి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు ముందు రాసిన ధరలతో పోలిస్తే తగ్గినట్టు కనిపించేదంతా షాపువాళ్లు ఇచ్చిన డిస్కౌంట్ కాదు.

బడ్జెట్ పరిమితంగా ఉంటే నేను చెప్పే వరస ఇది: 65 అంగుళాల 60 హెర్ట్జ్ కంటే 55 అంగుళాల 120 హెర్ట్జ్ తీసుకోండి. పీఎస్4 మాత్రమే ఉండి ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేకపోతే 120 కోసం డబ్బు పెట్టొద్దు, మంచి గేమ్ మోడ్, మంచి నలుపు ఉన్న 60 హెర్ట్జ్ 4కె చాలు.

ఇంటికి వచ్చాక

బిగించడానికి వచ్చిన మనిషి వెళ్లకముందే టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుని పూర్తి వేగానికి మార్చండి. కొన్ని టీవీల్లో ఇది ఆపేసి వస్తుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనో, డీప్ కలర్ అనో, ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అనో ఉంటుంది. ఇది ఆన్ చేయకపోతే మంచి టీవీ కొని కూడా హెచ్‌డీఆర్, 120 రెండూ లేకుండా ఆడతారు. కేబుల్ పీఎస్5 డబ్బాలో వచ్చిందే వాడండి. పొడవు చాలక ఇంకోటి కొనాల్సి వస్తే సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో అడగండి, కానీ డబ్బా మీద అల్ట్రా హై స్పీడ్ అన్న ముద్ర చూసి తీసుకోండి, ఉత్త హై స్పీడ్ అంటే పాత రకం. గోడ లోపలి నుంచి వైరు లాగిస్తుంటే ఇది మరీ ముఖ్యం, తర్వాత మార్చాలంటే గోడ పగలగొట్టాలి.

తర్వాత పీఎస్5లో వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ పేజీ తెరవండి. మొదట ఇప్పుడు ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ వెళ్తున్నాయో ఉంటుంది, కింద మీ టీవీ ఏమేం తీసుకోగలదో జాబితా ఉంటుంది. ఆ జాబితాలో 3840 × 2160 పక్కన 120 హెర్ట్జ్ కనిపించాలి. 60 దగ్గరే ఆగితే వైరు తప్పు పోర్టులో అయినా ఉండాలి, పైన చెప్పిన సెట్టింగ్ ఆపేసి అయినా ఉండాలి, లేదా టీవీయే మీరు అడిగిన మోడల్ కాదు. మూడోదైతే బిల్లు మీద మోడల్ నంబర్‌తో టీవీ వెనక స్టిక్కర్ పోల్చి, రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే షాపుకి ఫోన్ చేయండి, డబ్బా మాత్రం అప్పటిదాకా పాత సామాన్లవాడికి వేయకండి.